ఫోన్ పెట్టేశాక రాసే నాలుగు ముక్కలు

చెల్లెమ్మా,

కథలు రాసే చెయ్యి కదా, గ్రాంటు రాయడం ఎంతసేపు అనుకుని మీ పేరెంట్ సెంటర్ వాళ్లు ఈ పని నీకు అప్పజెప్పినట్టున్నారు. ముసాయిదా చదివాను. మొదటి రెండు పేజీల్లో ఒక తల్లి అవస్థ బాగా రాశావు. మూడో పేజీలో ‘వందలాది కుటుంబాలకు అండగా నిలిచాం’ అన్నావు. వందలాది అంటే ఎన్ని? రివ్యూయర్ చేతిలో మార్కుల పట్టిక ఉంటుంది. కన్నీళ్లకు అందులో గడి లేదు.

వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రులకు సమాచారం, శిక్షణ ఇచ్చే పేరెంట్ సెంటర్లకు అమెరికాలో మూలాధారం ‘ఐడియా’ అనే ఫెడరల్ ప్రత్యేక విద్యా చట్టంలోని పార్ట్ డి. 671వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక పేరెంట్ ట్రైనింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉండాలి. మీది ఆ రకం. 672వ సెక్షన్ కింద వచ్చే కమ్యూనిటీ సెంటర్లు ఇంకా చిన్నవి, ఒక ప్రాంతానికి పరిమితం. గ్రాంటు సాధారణంగా ఐదేళ్లకు ఇస్తారు కానీ ఆ డబ్బు ఏ యేటికాయేడు రావాల్సిందే. చెప్పుకోదగ్గ పని జరిగిందని నివేదికలో కనిపిస్తేనే తర్వాతి ఏడాది విడుదల చేస్తారు. అంటే నువ్వు రాయాల్సింది ఐదేళ్లకో ప్రపోజల్ కాదు. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ కాల్ లాగ్‌లో పడే నాలుగు ముక్కల్లోంచే ప్రపోజలూ, నివేదికా రెండూ పుడతాయి. అవి సరిగ్గా లేకపోతే ఎంత మంచి శైలి ఉన్నా నిన్ను కాపాడలేదు.

ఏడాది చివర చట్టం అడిగేవి ముఖ్యంగా మూడు. ఎంతమంది తల్లిదండ్రులకు సమాచారం, శిక్షణ ఇచ్చారు, వాళ్లు ఎవరు? వెనకబడ్డ కుటుంబాలను చేరుకోవడానికి చేసిన ప్రయత్నాలు ఎంతవరకు ఫలించాయి? స్కూలుతో వచ్చిన తగాదాను విచారణదాకా పోకుండా పరిష్కరించుకున్నవాళ్లు ఎందరు? మొదటిదానికి అంకెలు ఎలాగో దొరుకుతాయి. మూడోదాని గడి తరచుగా ఖాళీగా ఉండిపోతుంది. మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ద్వారా రాజీకి, వెళ్లమని చెప్పిన రోజు లాగ్‌లో ఉంటుంది కానీ ఏమైందో కనుక్కున్న రోజు ఉండదు. అందుకని మీ ఫారంలో ‘మళ్లీ ఫోన్ చేయాల్సిన తేదీ’ నింపనిదే ఎంట్రీ సేవ్ కాకుండా పెట్టించు. ఐఈపీ (బిడ్డకు స్కూలు రాసిచ్చే ప్రత్యేక విద్యా ప్రణాళిక) మీటింగ్ గురించి అడిగితే ఆ మీటింగ్ అయిన వారానికి, మీడియేషన్ అయితే నెలా పదిహేను రోజులకు తేదీ వెయ్యి.

ఇక లెక్క. ఒక తల్లి ఏడాదిలో ఆరుసార్లు ఫోన్ చేసి, రెండు వర్క్‌షాపులకు వచ్చిందనుకో. ఆమె ఒక్క పేరెంటే. సంప్రదింపులు ఆరు, హాజరు రెండు. ఈ మూడింటినీ కలిపి ‘తొమ్మిదిమందికి సేవ’ అని రాసే నివేదికలు ఉన్నాయి. మోసం చేయాలని కాదు, ప్రతి కుటుంబానికీ ఒక ఐడీ నంబర్ ఇవ్వకపోవడం వల్ల. పేరు మీద లెక్కపెడితే మన ఇంటిపేర్లతో ఇంకో తిప్పలు: ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక రాస్తే ఇద్దరవుతుంది. నంబర్ పెట్టు, గొడవ వదులుతుంది. వర్క్‌షాపుకు 34 మంది పేరిచ్చి, 21 మంది వచ్చి, అందులో నలుగురు టీచర్లయితే పేరెంట్లు 17 మందే.

శాతాలతో జాగ్రత్త. 210 మందికి సర్వే పంపితే 13 మంది జవాబిచ్చారు, 12 మంది బాగుందన్నారు. దీన్ని ‘92 శాతం సంతృప్తి’ అని రాయకు. ఎంతమందిని అడిగాం, ఎందరు చెప్పారు, ఎందరు అవునన్నారు, మూడు అంకెలూ రాయి. రివ్యూయర్లలో పేరెంట్ సెంటర్ పని లోతు తెలిసినవాళ్లూ ఉంటారు. వాళ్లు చిన్న అంకెను క్షమిస్తారు కానీ దాచిన అంకెను వదలరు.

లాగ్‌లో తేదీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, బిడ్డ వయసు, వైకల్యం ఏ కోవకు చెందింది, ఏమడిగారు, మనమేం చెప్పాం, వాళ్లేం చేద్దామనుకున్నారు, ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో పడితే చాలు. ‘ఐఈపీ గురించి మాట్లాడాం’ అన్నది ఎంట్రీ కాదు. ‘మూల్యాంకనానికి లిఖితపూర్వకంగా సమ్మతి ఇవ్వడమెలాగో, సమ్మతి అందాక 60 రోజుల గడువు లెక్క, మా రాష్ట్రంలో దానికి వేరే గడువుందా అన్నదీ చెప్పాం. ఆమె సోమవారం ఉత్తరం ఇస్తానంది’ అన్నది ఎంట్రీ. స్కూలు మీద మన అభిప్రాయం, బిడ్డకు ఫలానా జబ్బు ఉండొచ్చన్న ఊహ అందులో రాయకు. తగాదా ముదిరితే ఆ కాగితాలు లాయర్ల చేతికి వెళ్లే వీలుంది. పైగా మనం లాయర్లం కాదు.

ఇంట్లో మాట్లాడే భాషకు తప్పకుండా విడిగా ఒక గడి ఉండాలి. జాతి గడిలో ‘ఏషియన్’ అని టిక్ పెడితే తెలుగు, వియత్నామీస్, మాండరిన్ కుటుంబాలు ఒకే సంచిలో పడతాయి. తెలుగు అమ్మమ్మే మనవణ్ని స్పీచ్ థెరపీకి తీసుకెళ్తోందని, కాగితాలు తెలుగులో విప్పి చెప్పాల్సి వచ్చిందని ఆ సంచిలో ఎక్కడా కనిపించదు. దుబాసీని పెట్టామా, ఎన్ని నిమిషాలు పట్టింది, అదీ రాయి. అనువాదానికి బడ్జెట్ అడిగేటప్పుడు ఆ నిమిషాలే నీకు సాక్ష్యం.

ప్రపోజల్‌లో ‘అవసరం’ అన్న భాగాన్ని చాలామంది తమ ఫోన్ల లెక్కతోనే నింపుతారు. అది తప్పు. ఫోన్ చేసినవాళ్లు ఇప్పటికే మన దగ్గరికి చేరినవాళ్లు. 618వ సెక్షన్ కింద రాష్ట్రాలు ఏటా పంపే పిల్లల లెక్క బహిరంగంగా దొరుకుతుంది. ప్రత్యేక విద్య పొందుతున్నవాళ్లు ఎక్కడెందరో ఒక పక్కన పెట్టు, అదే చోటినుంచి మీకు వచ్చిన కుటుంబాలను రెండో పక్కన పెట్టు. ఎక్కడ పిల్లలు ఎక్కువ, ఫోన్లు తక్కువో అదే నీ అవసరం. నువ్వు రాసిన తల్లి అవస్థకు అసలు చోటు ఈ పట్టిక కిందనే, ఒక్క పేరాలో, ఆమె ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా.

డబ్బు విషయానికొస్తే, మీకు ఫెడరల్ గ్రాంటు కాక రాష్ట్ర విద్యాశాఖ కాంట్రాక్టు ఒకటి, చందాలు కొన్ని ఉన్నాయని రాశావు. ప్రతి మూలానికీ లెడ్జర్‌లో వేరే కోడ్ ఉండాలి. రెండు గ్రాంట్ల మధ్య పనిచేసే ఉద్యోగి టైమ్‌షీట్ చూడు. ప్రతి వారం అచ్చు 60–40గా ఉంటే అది బడ్జెట్ చూసి నింపిందేనని ఆడిటర్ ఇట్టే పసిగడతాడు. బడ్జెట్ అంచనా ఒక్కటే జీతానికి ఆధారం కాదని నిబంధన. నిజంగా చేసిన పని గంటలే రాయాలి. చందాలు పోగుచేసే కార్యక్రమం ఖర్చు, లాబీయింగ్ ఖర్చు ఫెడరల్ డబ్బులోంచి తీయకూడదు.

ఇన్‌డైరెక్ట్ ఖర్చుకు, అంటే ఏ ఒక్క పనికీ విడిగా కట్టలేని ఆఫీసు ఖర్చులకు, ప్రభుత్వం ఒప్పుకున్న సొంత రేటు లేని సంస్థలు 2024 అక్టోబరు నుంచి 15 శాతందాకా తీసుకోవచ్చు, అంతకుముందు 10. అది మొత్తం మీద కాదు. లక్ష డాలర్ల ప్రత్యక్ష ఖర్చులో అద్దె 12,000, శిక్షణకు వచ్చే తల్లిదండ్రుల ప్రయాణం, బస ఖర్చులు 8,000 అయితే వాటిని తీసేసి 80,000 మీద 15 శాతం, అంటే 12,000. ఫెడరల్ విద్యాశాఖ శిక్షణ గ్రాంట్లు కొన్నిటికి 8 శాతమే పరిమితి కాబట్టి గ్రాంటు నోటీసు చదవకుండా ఈ లెక్క వేయకు. చివరి ఆర్థిక నివేదిక ఇచ్చిన నాటి నుంచి మూడేళ్లు రికార్డులు ఉంచాలి. ఈలోగా ఆడిట్ మొదలైతే అది తేలేదాకా.

బోర్డు సంగతి ఎవరూ పట్టించుకోరు. సభ్యుల్లో సగానికి పైగా, పుట్టినప్పటి నుంచి 26 ఏళ్ల వయసుదాకా ఉన్న, వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రులై ఉండాలి. తొమ్మిదిమంది బోర్డులో ఐదుగురు అలాంటివాళ్లు ఉండి, ఒకరి కొడుక్కి 27 నిండితే ఆ రోజుతో నలుగురే. ఎవరూ రాజీనామా చేయరు, ఎవరికీ తెలియదు, మీ అర్హత మాత్రం పోతుంది. పిల్లల పుట్టిన సంవత్సరాలతో ఒక జాబితా పెట్టుకో. బోర్డు మూడు నెలలకోసారి గ్రాంటు పనిని సమీక్షించాలి, మినిట్స్‌లో ఆ సమీక్ష కనిపించాలి. ‘రిపోర్టు ఆమోదించడమైనది’ అన్న ఒక్క లైను చాలదు.

ఫెడరల్ గ్రాంట్లు అడిగే సంస్థలు నమోదయ్యే వెబ్‌సైటు శామ్ డాట్ గవ్‌లో రిజిస్ట్రేషన్ ఏటా రెన్యూ చేయాలి. అది గడువు దాటితే ప్రపోజల్ ఎంత బాగున్నా లోపలికే పోదు. రెండు నెలల ముందే మొదలుపెట్టు. అప్‌లోడ్ చేసే ఫైళ్లన్నీ పీడీఎఫ్‌లు, పేర్లలో వింత గుర్తులు లేకుండా. గడువుకు రెండు రోజుల ముందు పంపు. ‘అందింది’ అని ఒక ఈమెయిల్ వస్తుంది, అది సరిపోదు. ‘సరిచూశాం, తప్పుల్లేవు’ అనే రెండోది కూడా రావాలి. అది రాకపోతే తప్పు దిద్ది మళ్లీ పంపడానికే ఆ రెండు రోజులు.

మూడో పేజీ తిరగరాసి పంపించు. ఈసారి కాల్ లాగ్ ఎక్సెల్ ఫైలు కూడా జతచెయ్యి, కుటుంబాల పేర్లు తీసేసి.

ఆశీస్సులతో,
మీ అక్క