పొయ్యి వెలిగించాలా, ముట్టించాలా?

సందేహం: బెంగళూరు మారతహళ్లిలో మెస్ నడుపుతున్నాం. గ్యాస్ ఖర్చు తట్టుకోలేక కొత్తగా, పొట్టు అదిమి చేసిన గుళికలతో మండే పెల్లెట్ పొయ్యి పెట్టించాం. వంటవాళ్లలో మదనపల్లె వాళ్లూ మహబూబ్‌నగర్ వాళ్లూ ఉన్నారు. ‘గుళికలు పోసి పొయ్యి వెలిగించండి. ఆరిపోయాక బూడిద తీయండి’ అని గోడమీద కాగితం అతికించాను. ‘పొయ్యిని వెలిగించడమేంటి, ముట్టించాలి’ అని ఒకరు, ‘అంటించాలి’ అని ఇంకొకరు. ఏది సరైనది?

సమాధానం: మూడూ సరైనవే. వెలుగు దీపానిది కాబట్టి ‘వెలిగించు’ పొయ్యికి చెల్లదనే వాదన నిలవదు. అగ్గిపుల్ల వెలిగించడం పాత వాడుకే, గ్యాస్ పొయ్యి వచ్చాక ఆ మాట ఇంటింటా స్థిరపడింది. తెలంగాణలో పొయ్యి ముట్టిస్తారు. చుట్టనూ బీడీనీ ముట్టించడం మిగతా చోట్లా వినిపిస్తుంది. మీ పక్కింటి కన్నడం వాళ్లు దీపానికైనా పొయ్యికైనా ‘హచ్చు’ అనే అంటారు. ప్రాంతభేదాన్ని తప్పుగా లెక్కకట్టవద్దు.

అయితే మీ కాగితంలో ఒక మెట్టు తప్పిపోయింది. గ్యాస్ పొయ్యి వెలిగించగానే మండుతుంది. పెల్లెట్ పొయ్యి అలా కాదు, అది మన పొట్టు పొయ్యికి, ఊక పొయ్యికి దగ్గరి చుట్టం. రంపపు పొట్టునో పంట వ్యర్థాలనో గట్టిగా అదిమి చేసిన ముక్కలే పెల్లెట్లు. వాటికి నిప్పు అంటిస్తే చాలదు, అది రాజుకోవాలి. అంటించడం మనిషి పని, రాజుకోవడం నిప్పు పని. ఫ్యాను ఉన్న పొయ్యిలో ఈ తేడా చాలా అవసరం. మొదట గాలి తక్కువగా ఇచ్చి, రాజుకున్నాకే పెంచాలి. తొందరపడి పెంచితే లేత మంట ఆరిపోయి గదంతా పొగ కమ్ముతుంది. చెమ్మ తగిలిన పెల్లెట్లు ఉబ్బి పొడైపోతాయి. అవి సరిగా రాజుకోవు, పొగ మాత్రం ఎక్కువ.

నాకు అంతకన్నా భయం కలిగించిన మాట ‘ఆరిపోయాక’. మంట ఆరడం వేరు, నిప్పు ఆరడం వేరు. మండి తగ్గిన నిప్పు మీద పలచగా, తెల్లగా కమ్ముకునే బూడిద పొరకు తెలుగులో విడిగా ఒక పేరే ఉంది, నివురు. ‘నివురుగప్పిన నిప్పు’ అని రాజకీయ వార్తల్లో వాడి వాడి, అది మొదట పొయ్యి దగ్గరి హెచ్చరిక అన్న సంగతి మరిచిపోతున్నాం. మంట కనబడలేదని బూడిద ఎత్తి ప్లాస్టిక్ బకెట్లో పోస్తే బకెట్ అంటుకుంటుంది. అందుకే అక్కడ ‘పూర్తిగా చల్లారాక’ అని రాయండి.

బూడిదనూ మసినీ కలిపేయకండి. బూడిద కింద మిగిలేది, మసి పొగగొట్టంలోనూ గిన్నెల అడుగునా పట్టేది. రెండూ శుభ్రం చేయాల్సినవే, పనులు మాత్రం వేరు. కొన్ని పెల్లెట్ల బూడిద వేడికి కరిగి రాయిలా గడ్డకట్టి గాలి రంధ్రాలను మూసేస్తుంది. కొలిమిలో మిగిలే ఇలాంటి గడ్డనే చిట్టెం అంటారు. ఆ మాట ఇక్కడా చక్కగా సరిపోతుంది.

ఇక ‘గుళికలు’ తీసేయండి. పల్లెల్లో గుళికలంటే వరి పొలంలో చల్లే పురుగుమందు. వంటగది గోడమీద ఆ మాట ఉండకూడదు. అందరూ పెల్లెట్లనే అంటున్నారు, అదే ఉంచండి.

మీ కాగితాన్ని ఇలా మార్చవచ్చు:

‘కొత్త పొయ్యి మొదటిసారి కాలేటప్పుడు పెయింట్ వాసన వస్తుంది, కిటికీలు తెరవండి. పొడి పెల్లెట్లే పోయండి. పొయ్యి ముట్టించి, బాగా రాజుకున్నాక ఫ్యాను పెంచండి. పని అయ్యాక పూర్తిగా చల్లారనిచ్చి, నివురు కింద నిప్పు లేదని చూసి, బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తండి. చిట్టెం గీకి తీయండి, గాలి రంధ్రాలు తెరుచుకున్నాయో లేదో చూడండి. గొట్టంలో మసి పేరుకోనివ్వకండి.’

‘ముట్టించి’ బదులు ‘అంటించి’ అన్నా మదనపల్లె, మహబూబ్‌నగర్ వాళ్లిద్దరికీ అర్థమవుతుంది.