అడయారు మ్యాప్‌లో ముందు ఏ చెక్‌డ్యామ్?

తమ్ముడూ, చెన్నైలో సముద్రంలో కలిసే అడయారు నది మీద చెక్‌డ్యాములన్నీ మ్యాప్‌లో పెట్టేశాను, చేపలు ఏరులో పైకి ఎక్కే దారి కోసం ముందు దేన్ని సరిచేయమని రాయాలో తెలీక టెన్షన్‌గా ఉందన్నావు కదా. ఎత్తును బట్టి వరుస పెట్టకు, సముద్రం వైపు నుంచి లెక్కపెట్టు, చేపలు అటునుంచే కదా ఎక్కేది. ఒక్కో అడ్డు దగ్గర సగం చేపలే దాటాయనుకో, మూడు దాటేసరికి ఎనిమిదో వంతు మిగులుతాయి. కిందిదాన్ని వదిలేసి పైదానికి మెట్లు కట్టినా ఎక్కడానికి చేప ఉండాలిగా! మన పులసకు ధవళేశ్వరం ఆనకట్ట పైన గోదావరి ఎంత బాగున్నా లేనట్టే. ఒక్కో అడ్డు తీస్తే ఎన్ని కిలోమీటర్ల ఏరు కలిసొస్తుందో చూసి, దాన్ని ఖర్చుతో భాగించు, ఎక్కువ వచ్చింది ముందు. ముఖద్వారం దగ్గర మేటవేసే ఇసుకదిబ్బ కూడా అడ్డే, మర్చిపోకు. బండేసుకుని వెళ్లి రోడ్ల కింద నీళ్లు పారే తూములు కూడా చూడు, నీళ్లు మోకాలెత్తు నుంచి పడుతుంటే చిన్న చేప ఎక్కలేదు, అది మ్యాప్‌లో కనిపించదు.