ఇన్ని యాప్‌లు పెట్టుకున్నా చిన్న బిజినెస్‌లో టైమ్ ఎందుకు మిగలట్లేదు? సొంత పనే అయినా తృప్తి ఎందుకు లేదు?

మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయండీ. ఆర్డర్లకి ఒకటి, లెక్కలకి ఒకటి, చేయాల్సిన పనుల లిస్టుకి ఒకటి అని యాప్‌లు పెట్టుకున్నా రాత్రి దాకా పని తెమలట్లేదు, ఇంతకంటే మంచి యాప్ ఉందా అనేది ఒకటి. సొంత బిజినెస్ అయి కూడా ఉద్యోగం కంటే ఎక్కువ విసుగ్గా ఎందుకుంది అనేది రెండోది. మొదటిదానికి యాప్ పేర్లు చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. నేను రెండోదాన్నుంచి మొదలుపెడతా, ఎందుకంటే నా విషయంలో అది తేలాకే మొదటిది తేలింది.

నేను ఆర్డర్ మీద బ్యాగులు కుట్టించి అమ్ముతా. చిన్న యూనిట్, నేను, కుట్టేవాళ్ళు ఇద్దరు, అంతే. ఇందులోకి వచ్చిందే డిజైన్ గీసి ప్యాటర్న్ కట్ చేయడం ఇష్టమై. కానీ రోజు మొత్తంలో కత్తెర చేతిలో ఉండేది కాసేపే, మిగతాదంతా "రేటెంత", "ఎప్పుడిస్తారు", "ఈ కలర్ ఉందా" అనేవాళ్ళకి జవాబులు చెప్పడం, మెసేజ్‌లో వచ్చిన ఆర్డర్‌ని పుస్తకంలోకి ఎక్కించడం, బ్యాగు సగం కుట్టాక జిప్పులు లేవని తెలిసి వాటి కోసం తిరగడం, ఇదే సరిపోయేది.

అందుకని ఏ యాప్ జోలికీ పోకుండా ఒక కాగితం తీసుకుని వారంలో నేను చేసే పనులన్నీ రాసి వాటిని మూడు రకాలుగా విడగొట్టా. నేనే చేయాల్సినవీ చేస్తే బాగుంటుంది అనిపించేవీ ఒక పక్క, ఎవరో ఒకరు చేస్తే చాలు నేనే అక్కర్లేదు అనేవి ఒక పక్క, అసలెవరూ చేయకపోయినా కొంపేం మునగదు అనేవి ఇంకో పక్క. మూడో రకం ఎంత పెద్దదో రాస్తేగానీ తెలీదు. రోజూ స్టేటస్ పెట్టడం, పోటీవాళ్ళ పేజీలు తిరగేయడం, ఒకే లెక్క రెండు చోట్ల రాయడం అన్నీ అందులోనే పడ్డాయి. వాటికి యాప్ వెతకడం కాదు, మానేయడమే. టెక్నాలజీ పనికొచ్చేది ఆ మధ్య రకానికి మాత్రమే అని నా అభిప్రాయం.

మధ్య రకానికి నేను వాడేవి కొత్తవేం కాదు. వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 నుంచీ ఉంది, ఫోన్‌లో ఉన్నా దాన్ని మామూలు వాట్సాప్‌లాగే వాడేవాళ్ళు బోలెడంతమంది. అందులో క్విక్ రిప్లై అని ఒకటుంది, మనం రోజూ టైప్ చేసే జవాబుని ఒకసారి సేవ్ చేస్తే తర్వాత స్లాష్ గుర్తు కొట్టి ఎంచుకుంటే మొత్తం వచ్చేస్తుంది, సైజులు, రేట్లు, ఎన్ని రోజులు పడుతుంది అన్నీ ఒకే మెసేజ్‌లో. లేబుల్స్ కూడా వాడండి, అంటే ఒక్కో చాట్‌కి "డబ్బు రావాలి" లాంటి గుర్తు తగిలించడం, డబ్బు రావాల్సినవాళ్ళు ఎవరో చాట్‌లన్నీ పైకీ కిందకీ జరుపుతూ వెతుక్కోనక్కర్లేదు.

ఇక ఆర్డర్లకి ఎక్సెల్ లాంటి మామూలు షీట్ చాలు. ఒక్కో ఆర్డర్‌కి ఒక వరస, అందులో పేరు, ఏ బ్యాగు, ఎన్ని, ఇస్తానన్న తేదీ, అడ్వాన్స్, బాకీ, స్టేటస్. స్టేటస్‌ని మాత్రం చేత్తో టైప్ చేయొద్దు, డ్రాప్‌డౌన్ (ముందే రాసిపెట్టిన మాటల్లోంచి ఒకటి ఎంచుకునే లిస్టు) పెట్టండి, లేకపోతే ఒకరోజు "అయింది" అని, ఇంకోరోజు "ఐపోయింది" అని, మరోరోజు "ఓకే" అని పడుతుంది, ఫిల్టర్ కొడితే సగం ఆర్డర్లు కనబడవు. ఇస్తానన్న తేదీ దగ్గరపడుతున్నా స్టేటస్ మారకపోతే ఆ వరస పసుపు రంగులోకి మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టా. పక్క ట్యాబ్‌లో స్టాక్, జిప్పులు ఎన్ని ఉన్నాయి, కనీసం ఎన్ని ఉండాలి, దానికంటే తగ్గితే ఎరుపు. ఆ పసుపూ ఎరుపూ చూసుకోవడానికి పొద్దున టీ తాగేంత టైమ్ చాలు. బిజినెస్ పెరిగితే షీట్ సరిపోదేమో అని భయపడకండి, ఎక్సెల్‌లో ఒక్క షీట్‌కి 10,48,576 వరసలుంటాయి, మనలాంటివాళ్ళం జన్మలో నింపలేం :) ఒకేసారి చాలామంది ఎంట్రీలు కొట్టాల్సి వచ్చినప్పుడు వేరే సాఫ్ట్‌వేర్ ఆలోచించొచ్చు.

ఇప్పుడు ఆ విసుగు సంగతి. గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు, ఆవిడతో ఇంకో ఇద్దరు కలిసి 2008లో ఒక స్టడీ బయటపెట్టారు. మధ్యమధ్యలో ఆపి అడ్డం పడుతుంటే జనం పని తొందరగానే పూర్తిచేశారంట, కాకపోతే ఒత్తిడి, చిరాకు, హడావుడి బాగా పెరిగాయి. మీరు రాసింది చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది. పని ఆగట్లేదు కాబట్టి బయటికి అంతా బాగానే కనబడుతుంది, ఆ మూల్యం మాత్రం మనిషి లోపల పడుతుంది. కాబట్టి పని ఎంత అయింది అన్నదొక్కటే కొలిస్తే మీకు రోగం ఎప్పటికీ దొరకదు, మధ్యలో ఎన్నిసార్లు తెగింది అన్నది కూడా చూడండి.

నేను చేసేదేంటంటే పొద్దున మొదటి రెండు గంటలు కటింగ్ టేబుల్ దగ్గరే, ఫోన్ వేరే గదిలో. ఆ టైమ్‌కి వాట్సాప్ బిజినెస్‌లో "అవే మెసేజ్" (Away, మనం అందుబాటులో లేనప్పుడు వెళ్ళే జవాబు) షెడ్యూల్ చేసి పెట్టా, పదకొండు తర్వాత జవాబిస్తానని దానంతటదే చెప్తుంది. కస్టమర్లు పోతారేమో అనుకుంటారు గానీ అవతలివాళ్ళకి కావాల్సింది ఎప్పుడు జవాబొస్తుందో తెలియడం, ఆ క్షణంలోనే రావడం కాదు. అర్జెంటున్నవాళ్ళు కాల్ చేస్తారు, అది కుట్టేవాళ్ళలో ఒకరు తీస్తారు.

ఈ రెండు గంటలు ముందే కేటాయించుకోవడం చాలా ముఖ్యం. పనికి ఎంత టైమ్ ఇస్తే అంత టైమూ సాగుతుందని పార్కిన్సన్ అనే ఆయన 1955లోనే రాశాడు కదా, అలా యాప్ వల్ల మిగిలిన టైమ్‌ని ఏం చేయాలో ముందే అనుకోకపోతే ఇంకో నాలుగు ఆర్డర్లు, ఇంకో పది మెసేజ్‌లు వచ్చి కూర్చుంటాయి, ఎక్కడి గొంగళి అక్కడే.

ఇంకోటి, ఆటోమేట్ చేయగలం కదా అని ప్రతిదీ చేసేయకండి. బ్యాగు చేరాక కస్టమర్‌కి ఆటోమేటిక్ మెసేజ్ పంపొచ్చు, నేను మాత్రం కాల్ చేస్తా. టైమ్ దండగ అంటారు చాలామంది, ఒప్పుకుంటా, కానీ భుజం పట్టీ ఇంకాస్త వెడల్పుంటే బాగుండేది లాంటి మాటలు ఫీడ్‌బ్యాక్ ఫారమ్‌లో ఎవరూ రాయరు, ఫోన్‌లో చెప్తారు. డెసి, ర్యాన్ అని ఇద్దరు సైకాలజిస్టులు మనిషికి మూడు కావాలంటారు, మన నిర్ణయం మనం తీసుకోవడం, చేసే పనిలో చెయ్యి తిరగడం, నలుగురితో సంబంధం. సొంత బిజినెస్‌లో మొదటిది ఎలాగూ ఉందనుకుంటాం, ఫోన్ ఎప్పుడు మోగితే అప్పుడు పరిగెత్తేవాడికి అది కూడా లేనట్టే.

ఏఐ టూల్స్ గురించి కూడా అడిగారు. ప్రోడక్ట్ గురించి నాలుగు లైన్లు రాయడానికి, కోపంగా ఉన్న కస్టమర్‌కి మర్యాదగా జవాబు డ్రాఫ్ట్ చేయడానికి, షీట్‌లో ఫార్ములా తట్టనప్పుడు అడగడానికి వాడుతున్నా, బాగానే ఉంది. లెక్కలు మాత్రం అది చెప్పింది చెప్పినట్టు నమ్మకండి, షీట్‌లో మళ్ళీ వేసి చూసుకోండి, కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు అందులో పేస్ట్ చేయకండి. ఇప్పుడున్న మూడు యాప్‌ల్లో దేన్ని ఉంచాలో మాత్రం ఆ కాగితం రాశాకే తేల్చుకోండి, తీసేసేముందు డేటా ఎక్స్‌పోర్ట్ చేసుకుని ఒక కాపీ ఫోన్‌లో కాకుండా వేరేచోట కూడా పెట్టుకోండి.