'ఆలస్యం లేకుండా' అంటే ఎన్ని రోజులు?

"అంతర్జాతీయ చట్టాన్ని క్రోడీకరించాం (దేశాల మధ్య నడిచే పద్ధతుల్ని రాతలో పెట్టాం) అంటారు, దానివల్ల మామూలు మనిషికి ఒరిగేదేంటి?" అని అడిగారు కదా. మాకు ఒరిగింది. కాస్త లేటుగా అనుకోండి.

మా చిన్నమ్మ కొడుకు గల్ఫ్‌లో డ్రైవరు. ఒకసారి పదకొండు రోజులు ఫోన్ లేదు, చిన్నమ్మ అన్నం ముట్టడం మానేసింది. పంపించిన ఏజెంటుకు చేస్తే "డ్యూటీలో ఉంటాడులే" అని పెట్టేశాడు (ఈ ఏజెంట్ల గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది). పన్నెండో రోజు రూమ్మేట్ చెప్పాడు, యాక్సిడెంట్ కేసులో పోలీసులు పట్టుకెళ్లారని. అరబిక్ కాగితాల మీద సంతకాలు కూడా పెట్టించారట, వాటిలో ఏముందో వాడికి ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో లా చదివింది నేనొక్కడినే, కాబట్టి ఎంబసీకి మెయిల్ రాసే పని నా మీద పడింది. మొదట కాళ్లావేళ్లా పడుతూ పేజీన్నర రాశా. తర్వాత అదంతా చెరిపేసి, 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం, ఆర్టికల్ 36 అని పెట్టి నాలుగు లైన్లలో ముగించా. విదేశీయుణ్ని అరెస్టు చేస్తే, మీ కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడిగే హక్కు నీకుందని ఆలస్యం లేకుండా చెప్పాలి, అతను అడిగితే పెట్టాలి, వాళ్లు వచ్చి కలవొచ్చు, లాయర్ని చూడొచ్చు. నాలుగో రోజు మనవాళ్లు వెళ్లి కలిశారు. నా మెయిల్ వల్లేనని ఇంట్లో అందరి నమ్మకం, నేనూ కాదనను.

మా కాలేజీలో క్రోడీకరణ అంటే ఒక నిర్వచనం, ఐరాస పెట్టిన ఇంటర్నేషనల్ లా కమిషన్ పేరు, ఐదు మార్కులు, అంతే. ఆ కమిషన్ ముసాయిదా మీదే వియన్నాలో దేశాలు కూర్చుని 79 ఆర్టికల్స్ ఒప్పుకున్నాయని ఎవరూ చెప్పలేదు. నా లెక్కలో రాత లేకపోతే వాదనే లేదు, "మా దగ్గర ఆ పద్ధతి లేదు" అంటే నోరు మూసుకోవాల్సిందే. పాకిస్తాన్ గూఢచారి అంటూ పట్టుకున్న మన కుల్‌భూషణ్ జాధవ్ కేసే చూడండి, గూఢచర్యం కేసుల్లో ఇది వర్తించదని పాకిస్తాన్ అంటే, అలాంటి మినహాయింపు ఆర్టికల్ 36లో ఎక్కడా లేదని 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 15-1తో తేల్చింది. విడుదల చేయమని మాత్రం అనలేదు, టీవీల్లో సంబరాలు చేసినవాళ్లు ఆ ముక్క మింగేశారు.

మావాడు తిరిగొచ్చాక అడిగా, "కాన్సులేట్‌కు చెప్పమంటావా అని నిన్నెవరైనా అడిగార్రా?"

"అడిగే ఉంటారన్నా, నాకు అరబిక్ రాదు కదా" అన్నాడు.