స్వాతికి, వేక్ దీవికి వెళ్లేముందు

స్వాతీ,

మొన్న మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, అమ్మాయికి ఏదో దీవిలో ఆరు నెలలు పనట" అన్నాడు. ఏ దీవిరా అంటే తెలియదన్నాడు. నువ్వు మెసేజ్ పెట్టాకే తెలిసింది అది వేక్ అని, ఎక్కడైనా అణుపరీక్ష జరిగితే మన చెవికి అందని ఆ చప్పుడును గాలిలో పట్టే స్టేషన్ అని, దాని పైపులూ గదులూ తిరగకట్టడానికి నువ్వు వెళ్తున్నావని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. గర్వంతోనే అనుకుంటున్నాను, మీ పెద్దమ్మ మాత్రం "అది భయం, ఒప్పుకోరు" అంటోంది.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. బోల్టులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకో, జింకు పూత ఉప్పుగాలికి ఆగదు. కాంక్రీటులో సముద్రపు ఇసుక, ఉప్పునీళ్లు పడనివ్వకు. ఎలకలు కేబుళ్లు కొరుకుతాయి, ఒక్క అడుగు కూడా తొడుగు లేకుండా వదలొద్దు. ఇవన్నీ నీకు తెలుసు, చదువుకున్నదానివి.

నీకు తెలియనిది నా పొగరు సంగతి. 1977లో నేను పసిఫిక్ మధ్యలో మార్షల్ దీవుల్లోని ఎనెవెటాక్ వెళ్లాను కదా, అణుపరీక్షల చెత్త ఎత్తే పనికి. 1948 నుంచి పదేళ్లలో అమెరికా అక్కడ 43 పరీక్షలు చేసింది. రునిట్ దీవిలో ఒక పేలుడు గొయ్యిలోకి ఆ మట్టంతా పోసి, పైన 46 సెంటీమీటర్ల మందాన కాంక్రీటు మూత వేశారు. నాది కాంక్రీటు చెక్ చేసే ఉద్యోగం. సెలవు రోజున పడవ దొరికితే పాత పరికరాల స్టేషన్లు చూడ్డానికి పోయేవాణ్ణి. తలుపులు తుప్పు పట్టి రాలిపోతున్నా గోడలు మాత్రం ఏనుగుల్లా నిలబడి ఉండేవి. 1952లో మైక్ అనే హైడ్రోజన్ బాంబు పరీక్షకి ఏం చేశారో తెలుసా? బాంబు దగ్గర్నుంచి పరికరాల గది దాకా దాదాపు 2.7 కిలోమీటర్ల పొడుగునా ప్లైవుడ్‌తో సొరంగం కట్టి, లోపల హీలియం నింపారు. మామూలు గాలైతే బాంబు కిరణాల్ని దారిలోనే తినేస్తుంది, అందుకని. బాంబు పేలాక ఆ సొరంగం లేదు, బాంబు పెట్టిన ఎలుగెలాబ్ దీవీ లేదు, ఆ కొద్ది క్షణాల్లో గదిలోకి చేరిన కొలతలే మిగిలాయి. కడితే ఇలా కట్టాలి అనుకున్నాను. తప్పంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

1984లో ఒక సంస్థ (పేరు వద్దులే) ఇంకో చిన్న దీవిలో భూకంపాలు నమోదు చేసే యంత్రానికి గది కట్టమంది. నాకప్పుడు ముప్పై ఆరేళ్లు. రెండడుగుల గోడలు పోయించాను, ఇనుప తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ. డ్రాయింగులో నేల దగ్గర ఒక తూము ఉంది, పీతలు దూరతాయని దాన్ని సిమెంటుతో పూడ్పించాను. నేనే చెప్పి పూడ్పించాను, ఎవరూ చెప్పలేదు. ఓడ వచ్చే రోజు దగ్గరపడింది. కాంక్రీటు పోసి తొమ్మిది రోజులే అయినా యంత్రం పెట్టి తలుపు బిగించి వచ్చేశాం.

రెండున్నర నెలల తర్వాత వెళ్లి తలుపు తీస్తే లోపల వాన. బయట ఎర్రటి ఎండ, లోపల కప్పు నుంచి టప్ టప్‌మని చుక్కలు. వేడన్నం మీద మూతపెట్టి గంటాగి తీస్తే మూత ఎలా ఉంటుంది, అలా. పచ్చి కాంక్రీటు వారాల తరబడి చెమ్మ వదులుతూనే ఉంటుంది, పగలు గది ఉడుకుతుంది, రాత్రి చల్లబడగానే ఆ ఆవిరంతా కప్పుకి పడుతుంది, బయటికి పోయే దారి ఒక్కటే ఉంటే దాన్ని నేను మూసి కూర్చున్నాను. యంత్రం గీత గీసే కాగితం చుట్ట ముద్దయి డ్రమ్ముకి అంటుకుపోయింది. గీత పదకొండు రోజుల దాకా ఉంది, తర్వాత మరక. బ్యాటరీ కొసలకి మైలుతుత్తం రంగు.

అక్కడితో ఆగితే నీకు నవ్వుతూ చెప్పేవాణ్ణి. రిపోర్టులో నేను "తలుపు రబ్బరు సరిగా బిగించకపోవడం వల్ల వాననీరు దిగింది" అని రాశాను. రబ్బరు బిగించినవాడు ఒక ఫిలిప్పీన్స్ ఫిట్టరు, పర్సులో పిల్లలిద్దరి ఫోటో పెట్టుకుని తిరిగేవాడు, బిగింపులో ఏ లోపమూ లేదు. తర్వాతి ట్రిప్పుకి అతని బదులు ఇంకెవరో వచ్చారు. అతనేడని నేను అడగలేదు. మీ పెద్దమ్మకి కూడా పదేళ్ల తర్వాతే చెప్పాను.

అందుకని ఓడ ఆగదు, విమానం ఆగదు అని ఎవరు తొందరపెట్టినా కాంక్రీటు ఆరకుండా గదికి తాళం వెయ్యకు. తూముకి సన్న జల్లెడ బిగించు, మూయకు. చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి, మార్చిన తేదీ గోడ మీదే రాయి. ఎనెవెటాక్ గదులు కొలతల ఫిల్ము తీసుకుపోయేదాకా నిలబడితే చాలు, నీది మనిషి లేకుండా ఇరవయ్యేళ్లు వింటూ ఉండాలి. నీ స్టేషన్ వినేది ఆ పైపుల్లోంచే, వాటిలో వాననీరు నిలిస్తే చెవిలో నీళ్లు పోయినట్టే. ఇంకోటి, ఏదైనా పాడైతే ఎవరి వల్ల పాడైందో ఉన్నదున్నట్టు రాయి, అది నువ్వైనా సరే.

ఇప్పుడు అసలు భయం. వేక్‌లో ఎత్తైన చోటే ఆరు మీటర్లు. 2006లో అయోకే తుఫానుకి దీవిలో ఉన్న అందర్నీ విమానంలో తరలించారు. అలా మళ్లీ రమ్మంటే మొదటి వరసలో నువ్వుండాలి. "సెన్సర్లు విప్పి వస్తాను, పది నిమిషాలు" అనే రకం నువ్వు, నాకు తెలుసు, చిన్నప్పుడు వానలో ఆరేసిన బట్టల కోసం డాబా ఎక్కి జారిపడ్డావు. 1954లో బికినీ దీవుల్లో పేల్చిన బ్రావో అనే హైడ్రోజన్ బాంబుని 6 మెగాటన్నులు అనుకుంటే 15 అయి కూర్చుంది. కొలవడానికి పెట్టిన పరికరాల్లో చాలావరకు అదే మింగేసింది. ముప్పై కిలోమీటర్ల అవతల బంకర్లో ఉన్న తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయి, చివరికి దుప్పట్లకి కళ్ల దగ్గర కంతలు చేసి కప్పుకుని హెలికాప్టర్ ఎక్కారు. లెక్కలు వేసినవాళ్లకే లెక్క తప్పింది.

నేను ఎనెవెటాక్‌లో ఉండగానే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. నాకు తెలిసింది మూడు వారాల తర్వాత, ఉత్తరంలో. మా మేనత్త గొడ్ల తాళ్లు విప్పడానికి వెనక్కి వెళ్లిందట. చుట్టూ సముద్రం, కాళ్ల కింద మూడు మీటర్ల నేల, చేతిలో ఆ ఉత్తరం. ఆ రాత్రి అలల చప్పుడుకి బ్యారక్ బయటే కూర్చున్నాను. మీ నాన్నకి ఇది చెప్పకు, వాడు నిన్ను పంపడు. పంపాలి.

ఆవకాయ ప్లాస్టిక్ సీసాల్లో సర్దుతోంది మీ పెద్దమ్మ, గాజువి పగులుతాయని. హొనలూలూలో విమానం మారేటప్పుడు ఫోన్ చెయ్యి, నాకు అర్ధరాత్రయినా సరే, మేలుకునే ఉంటాను. చెమ్మ కొలిచే మీటరు ఒకటి నా పాతది ఉంది, పనిచేస్తోంది, పంపనా?

మీ పెదనాన్న