టెక్ సందేహాలు: సిగ్నల్ లేని బడిలో డిజిటల్ పాఠం

ప్రశ్న: మాది సీతారామపురం మండలంలో హైస్కూలు. తరగతిలో డిజిటల్ ప్యానెల్ (పెద్ద టచ్ తెర) ఉంది, నెట్ సిగ్నలే నిలవదు. వీడియో మధ్యలో ఆగిపోతే పిల్లల ధ్యాస చెదిరిపోతోంది. నెట్ లేకుండా విద్యుత్తు పాఠం చెప్పడం ఎలా?
- ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయురాలు

తరగతిలో నెట్‌ను నమ్ముకోకండి. కావలసినవి ముందురోజే సిగ్నల్ బాగున్నచోట దించుకోండి. విద్యుత్తుకైతే వీడియోల కన్నా 'ఫెట్' (PhET) సిమ్యులేషన్లు, అంటే తెరమీదే చేసి చూసే ప్రయోగాలు మేలు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ప్రాజెక్టు ఇది. వాళ్ల సైట్‌లో 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ' తెరిచి డౌన్‌లోడ్ నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు వస్తుంది, అదీ కొద్ది ఎంబీలే. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే చాలు. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి, సైట్‌లో భాషల జాబితా చూడండి.

రెండు బల్బుల్ని శ్రేణిలో కలిపి వెలుగు తగ్గడం చూపించండి. తర్వాత ఒక విద్యార్థిని పిలిచి సమాంతరంగా కలపమనండి. బల్బు లేకుండా తీగతోనే బ్యాటరీ రెండు కొనలూ కలిపితే తెరమీద మంటలు వస్తాయి. షార్ట్ సర్క్యూట్ ఎందుకు ప్రమాదమో అక్కడే అర్థమైపోతుంది.

ప్యానెల్‌లో ఫైలు నొక్కితే ఖాళీ పేజీ వస్తోందా? 'ఓపెన్ విత్'లోకి వెళ్లి క్రోమ్ ఎంచుకోండి. చోటున్నా పెద్ద వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే అది ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్నట్టు. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే కాపీ తీసుకోండి.

పిల్లల చేతుల్లో ట్యాబులుంటే పాఠాలు ముందే దించుకుని నెట్ లేకుండా ట్యాబులకు అందించే కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మీ ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. నెట్ ఉన్నప్పుడు అందులో ఛానెల్ (ఒక సంస్థ పాఠాల సంపుటి) తెరిచి, కావలసిన అధ్యాయాలకే టిక్ పెట్టండి. ఖాన్ అకాడమీ ఛానెల్ మొత్తం దించితే పదుల జీబీలు పడుతుంది. బడిలో మామూలు వైఫై రౌటర్ పెట్టి ల్యాప్‌టాప్‌నూ ట్యాబులనూ దానికి కలపండి. నెట్ కనెక్షన్ అక్కర్లేదు. ట్యాబు బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (ఆ వైఫైలో ల్యాప్‌టాప్‌కు ఉండే నంబరు), దాని పక్కన కోలన్ పెట్టి 8080 కొట్టాలి. ఉదాహరణకు 192.168.1.5:8080.

తెరుచుకోకపోతే ఎక్కువగా విండోస్ ఫైర్‌వాలే అడ్డు. వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్‌ను 'ప్రైవేట్'గా మార్చి, కొలిబ్రికి అనుమతివ్వండి. ఐపీ రోజూ ఒకటే ఉండాలని లేదు, క్లాసుకి ముందు సరిచూసుకోండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోతే ట్యాబులన్నీ ఒకేసారి ఆగిపోతాయి. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను 'నెవర్' చేసి, ఛార్జర్ పెట్టి ఉంచండి.

ప్రశ్న: ఇంట్లో చేసుకున్న తెలుగు పీపీటీ బడి కంప్యూటర్‌లో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తోంది. - ఒంగోలు

మీరు 'అను' అనే పేరున్న ఫాంట్లలో టైప్ చేసి ఉంటారు. అందులో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అసలు రూపం బయటపడుతుంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్న పద్ధతి) మార్చుకుని, ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూడండి. తప్పులు దొర్లేది అక్కడే. ఇకమీద మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వాడండి. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ దగ్గర 'ఎంబెడ్ ఫాంట్స్' టిక్ పెట్టండి. ఆండ్రాయిడ్ ప్యానెళ్లలో ఇది పనిచేయకపోవచ్చు కాబట్టి పీడీఎఫ్ కూడా ఒకటి పెట్టుకోండి. యానిమేషన్లు పోయినా అక్షరాలు నిలుస్తాయి.

ప్రశ్న: నెట్‌లో ఉచితంగా దొరికే పాఠాలను నా యూట్యూబ్ ఛానెల్‌లో వాడుకోవచ్చా? ట్యూషన్ కూడా చెబుతాను. - కావలి

ఉచితంగా దొరికినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు ఎవరైనా దించుకోవచ్చు, కాపీరైట్ మాత్రం ఆ సంస్థదే. పాఠం కింద క్రియేటివ్ కామన్స్ (తయారుచేసినవారే షరతులతో వాడుకోనిచ్చే లైసెన్సు) గుర్తు ఉందేమో చూడండి. 'బై' అని మాత్రమే ఉంటే పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. 'ఎస్ఏ' ఉంటే మార్చి పంచేదాన్ని అదే లైసెన్సుతో ఇవ్వాలి. 'ఎన్‌డీ' ఉంటే తెలుగు డబ్బింగ్ చేసి పెట్టడం కుదరదు. 'ఎన్‌సీ' ఉన్నది వ్యాపారానికి పనికిరాదు. మీరు ఫీజు తీసుకుంటున్నారు, ప్రకటనల ఆదాయం కూడా రావచ్చు, కాబట్టి అలాంటి పాఠాల జోలికి వెళ్లకండి. యూట్యూబ్‌లో వెతికాక ఫిల్టర్స్‌లో 'క్రియేటివ్ కామన్స్' నొక్కితే ఆ లైసెన్సు వీడియోలే వస్తాయి. వాడుకున్నప్పుడు పాఠం పేరు, తయారుచేసినవారి పేరు, లింకు, లైసెన్సు, మీరు చేసిన మార్పులు డిస్క్రిప్షన్‌లో రాయండి.