కొరియర్‌కి ఒక సైజు, ప్యాకెట్‌కి ఇంకో సైజు

ప్రశ్న: జీడిపప్పు పావుకిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి షాపులకి వేస్తామండి, ఆన్‌లైన్‌లో కూడా పంపుతున్నాం. లేబుల్ ప్రింటర్ కొందామంటే ఏ సైజు రోల్ కావాలని అడుగుతున్నారు, అన్నిటికీ ఒకటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: సరిపోదమ్మా. కొరియర్ బాక్సుకైతే 4×6 అంగుళాలు, అంటే 100×150 మిల్లీమీటర్ల రోల్ తీసుకోండి, ఎక్కువమంది వాడేది అదే, దాన్ని చిన్న రోల్ మీద కుదించి కొడితే బార్‌కోడ్ గీతలు అతుక్కుపోయి స్కానర్ చదవదు, ఇక పార్సిల్ ఎక్కడో ఆగిపోద్ది. ప్యాకెట్‌కి 50×25 మిల్లీమీటర్లు చాలంటారు గానీ అది బట్టల కొట్లో రేటు, బార్‌కోడ్ కొట్టడం వరకే సరిపోద్ది. మీది తినే సరుకు కదా, బరువు, ఎమ్మార్పీ, ప్యాకింగ్ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, అడ్రసు అన్నీ పట్టాలి, నన్నడిగితే 75×50కి తగ్గొద్దు. ఇంకోటి, డైరెక్ట్ థర్మల్, అంటే ఇంకు లేకుండా వేడితోనే అక్షరాలు పడే కాగితం మీద అక్షరాలు ఎండకి, నూనె చేతికి వెలిసిపోతాయి, నాలుగు రోజుల కొరియర్‌కి ఓకే, షాపు అరలో నెలల తరబడి ఉండే ప్యాకెట్‌కి మాత్రం ఇంకు రిబ్బన్ వేసే ప్రింటరే మంచిది. 4 అంగుళాల వెడల్పు ప్రింటర్ కొంటే రెండు రోల్సూ దాంట్లోనే ఎక్కుతాయి. రోల్ మార్చినప్పుడల్లా సెట్టింగ్స్‌లో సైజు మార్చి ఒకసారి క్యాలిబ్రేట్ చేయండి, అంటే లేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోద్దో ప్రింటర్‌కి గుర్తుపట్టించండి, లేదంటే సగం అడ్రసు ఒక లేబుల్ మీద, సగం ఇంకోదాని మీద పడతాది.